సిస్టరమ్మ వదలని మాట

మొన్న మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సులో పోతున్నాను. ధర పడిపోయి ఎవరో రైతు రోడ్డు పక్కన పారబోసిన టమోటాలు ఎండకు కుళ్ళి, ఆ వాసన ఒక్కసారిగా కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. బస్సులో ఉన్నవాళ్ళంతా కొంగులు, తుండుగుడ్డలు, చేతిరుమాళ్ళు ముక్కుల మీదికి తెచ్చుకున్నారు. నా చెయ్యి కూడా కొంగు దాకా పోయి ఆగింది. ఆపింది సిస్టరమ్మ. ఆమె చనిపోయి ఏడాది దాటింది. అయినా ఈ ఒక్క విషయంలో నా చెయ్యి ఇంకా ఆమె మాటే వింటుంది.

పేరు చెప్పను. ఆసుపత్రిలో నర్సుగా చేరి, సిస్టరుగా రిటైరై, మదనపల్లెలో చిన్న ఇల్లు కట్టుకున్న ఆమెను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మిద్దె మీద గదిలో నేను అద్దెకుండేదాన్ని. మాది బి.కొత్తకోట దగ్గర పల్లె, సేద్యం ఇల్లు. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆమెది చర్చి, నాది గుడి. ఆ తేడా మా మధ్య ఏనాడూ రాలేదు. తగువులన్నీ నీళ్ళ మోటారు దగ్గరే వచ్చేవి.

నేను అద్దెకు దిగిన కొత్తలో ఒకసారి ఇదే దారిలో ఇద్దరం బస్సులో పోతున్నాం. ఇట్లాగే టమోటాల గుట్ట, ఇదే వాసన. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకొని చేతిని కిందికి లాగింది.

"తీయ్."

"వాసనమ్మా."

"వాసనే. నాకూ ముక్కుండాది. ఆ గుట్ట పక్కన కూర్చోనుండేవాన్ని సూడు ముందు."

చూశాను. ఖాళీ క్రేట్ల పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చొని పోయే బస్సును చూస్తున్నాడు.

"వాని పంట అది. బస్సెడు మంది ముక్కులు మూసుకొని పోతాంటే వానికెట్లుంటుంది?"

మా నాయన కూడా ఒక ఏడు ఇట్లాగే పారబోసి వచ్చి, రెండు పూటలా అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. మణికట్టు మాత్రం పుంగనూరు దాకా నొప్పి పెట్టింది. ముసలామె పట్టు ఆడమనిషి పట్టులా ఉండేది కాదు.

ముక్కు మొద్దుబారిన మనిషేమో అనుకుంటే పొరపాటు. అంత చురుకైన ముక్కును నేను ఇంకెక్కడా చూడలేదు. పాలు, పప్పు, ఇస్త్రీకి పోయి వచ్చిన చీర, చివరికి కాఫీ గ్లాసు కూడా వాసన చూడకుండా ముట్టేది కాదు. నేను పైన కూర మాడిస్తే కింద నుంచి నా పేరు వినిపించేది. కరోనా కాలంలో మాస్కు మాత్రం బుద్ధిగా పెట్టుకుంది. నేను ఎగతాళి చేస్తే, "ఇది జబ్బుకు. బస్సులో నువ్వు పెట్టుకునింది రోతకు. రెండూ ఒకటేనా?" అని నా నోరు మూయించింది.

రిటైరైనా ఆమె వరండాలో పొద్దున పూట ఎవరో ఒకరు కాలు చాపుకొని కూర్చునేవాళ్ళు. చక్కెర జబ్బు పుండ్లు, కొడవలి కోతలు, ఆసుపత్రికి పోవడానికి భయపడి మాగబెట్టుకున్న గాయాలు. ఆమె కట్టు విప్పడానికి ఒక పద్ధతి ఉంది. గుడ్డ కొసను వేళ్ళతో పట్టుకొని, మనిషి ముఖంలోకి చూసి, "మీది యాడప్పా?" అనేది. అవతలివాడు బైరెడ్డిపల్లె అనో పెద్దపంజాణి అనో చెప్పేవాడు. "వానలు పడినాయా?" అనేది. వానల గురించి అడిగితే మా సీమలో జవాబు పొడుగ్గానే ఉంటుంది. వాడు చెప్పడం ముగించేలోగా కట్టు విప్పడం, కడగడం అయిపోయేవి. వాసన ఎంత ముదిరినదైనా ఆమె ముఖంలో ఒక గీత కూడా కదిలేది కాదు. వాళ్ళు చూసేది పుండును కాదనీ, పుండును చూస్తున్న మన ముఖాన్ననీ ఒకసారి నాతో అంది.

ఇంతటి మనిషికి ఒక మనిషంటే రోత. ఆ సంగతి నాకు తెలిసింది పుంగనూరు చర్చిలో.

పుంగనూరు ఆమె అత్తగారి ఊరు. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారాల్లో మదనపల్లెలో ఉన్న చర్చికి కాకుండా అక్కడికే పోయేది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక బస్సు ఎక్కించి దించడానికి నన్ను తోడు తీసుకుపోయేది. నేను వెనక బెంచీలో కూర్చునేదాన్ని. రొట్టె ముక్కలున్న పళ్ళెం సంఘ పెద్దలు బెంచీకి ఇస్తే, అది చేతులు మారుతూ వరసంతా తిరుగుతుంది. ఆమె దగ్గరికి వచ్చినప్పుడు రెండు చేతులా అందుకొని, ఒక క్షణం ఒళ్ళో పెట్టుకొని, ఏమీ తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. ద్రాక్షరసమూ అంతే. ముందు బెంచీల్లో తలలు వెనక్కి తిరగబోయి ఆగాయి. అందరికీ తెలిసిందే, అందరూ చూడనట్టు నటిస్తున్నదే అని నాకు అర్థమైంది. ఆమె మాత్రం వెన్ను నిటారుగా పెట్టుకొని పాట అందుకుంది.

తిరుగు బస్సులో అడిగాను.

"మా మరిదంటే నాకు రోత" అంది, బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు. "రోత లోపల పెట్టుకొని ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టగూడదు. అందుకే పెట్టను."

"ఎన్నాళ్ళనుంచి?"

"మా ఆయన పోయినప్పట్నుంచి."

మరిది ఒకప్పుడు ఆ చర్చిలోనే పెద్ద. ఆ పళ్ళెం బెంచీలకు ఇచ్చిన చెయ్యి ఆయనదే. రైల్వేలో రిటైరయ్యాక కూతురి దగ్గర కుప్పంలో స్థిరపడ్డాడు. ఆయన అక్కడికి వెళ్ళిపోయినా ఈమె పళ్ళెం ముట్టలేదు. పళ్ళెం ఎవరి చేతిలో ఉంటే ఏమి, రోత తన దగ్గరే ఉంది కదా అన్నది ఆమె లెక్క.

ఆ లెక్క చివరి రోజుల్లో ఆమెకు చిక్కు తెచ్చింది. రొమ్ములో గడ్డ పుట్టి, పగిలి, పుండైంది. నర్సుకు తెలియక కాదు. తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఉంచుకుంది. మేము గమనించేసరికి డాక్టర్లు చేయగలిగింది మిగలలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సు ఒకామె పొద్దున వచ్చి కట్టు మార్చేది. మిగతా వేళల్లో నేను.

"గదిలో వాసన ఉండాదా?" అని అడిగేది.

"ఉందమ్మా."

"ఎక్కువా?"

"ఎక్కువే."

"సరే. కిటికీ తెరువు."

లేదని చెప్పి ఉంటే నన్ను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. అది నాకు బాగా తెలుసు.

పుంగనూరు నుంచి పాస్టరయ్య వచ్చాడు. మంచివాడు, చిన్న వయసువాడు, తన కంటే ముసలివాళ్ళైన సంఘ పెద్దలకు భయపడేవాడు. ఆయన చెప్పింది ఇదీ. బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం, తీసుకోకుండా పోయినవాళ్ళను సమాధుల తోటలో గోడవార పెడతారు. అది ఆ సంఘంలో పాత ఆనవాయితీ. ఆమె భర్త సమాధి నడిమి వరసలో ఉంది. పక్కన ఆమె కోసమే వదిలిన జాగా ఉంది. పెద్దలు ఆ జాగా ఇవ్వాలంటే ఆమె మనసులో రోత తీసేసుకొని మరిదితో సమాధానపడ్డానని ఒక్క మాట చెప్పి, రొట్టె తీసుకోవాలి.

"ఆయన పక్కన పండుకోవాలనే ఉండాది నాకు" అంది ఆమె. "దానికోసం దేవుని ముందర అబద్ధం సెప్పమంటావా?"

పాస్టరయ్య వరండాలోకి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీరు తెలుగు చెబుతారు కదా. రోత అని ఆమె అనే మాట చాలా గట్టిది. అదే అర్థంలో కొంచెం మెత్తగా ఉండే మాట ఏదైనా చూడండి. ఆమె చెప్పగలగాలి, పెద్దలు ఒప్పుకోవాలి."

నా చదువుకు ఇంత బరువైన పని ఎప్పుడూ తగల్లేదు. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చొని ఒక్కొక్క మాటే ఆమె ముందు పెట్టాను. ఆమె నా వైపు తిరిగి, సంతలో వంకాయలు ఏరే ముఖం పెట్టింది.

"కోపం అందామా అమ్మా?"

"కోపమైతే అన్నం తినేలోగా పోతుంది. ఇది పోలేదే."

"పగ?"

"పగ ఉంటే తిరిగి ఏమన్నా సెయ్యాల. ఆయప్ప కూతురి కాన్పుకు నేనే పోయినా. బిడ్డను మొదట పట్టింది ఈ చేతులే."

"ద్వేషం?"

"ఆయప్ప చెడిపోవాలని నేనెప్పుడూ కోరుకోలే."

అసహ్యం అన్నాను. ఆ మాటకు సహించలేనిది అని అర్థం, సంస్కృతం నుంచి వచ్చింది అని పాఠం చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వితే పుండు లాగినట్టుంది, పెదవి కరుచుకుంది. "సహించక ఏం జేస్తి? ఎన్నేండ్లు ఆయప్ప ముందర బెంచీలో, నేను వెనక బెంచీలో. ఇంకేమన్నా సెప్పు."

ఏవగింపు అన్నాను. అది తెలుగే, బాగుంది గానీ ఇంట్లో ఎవరూ అనని మాట, దానితో పోతే దేవుడు నన్ను గుర్తుపట్టడు అంది. ఇక నా దగ్గర మిగిలింది ఆమె మాటే. రోత. రోయు అనే పాత క్రియ నుంచి వచ్చింది. పక్కనున్న కన్నడం వాళ్ళకూ దీని చుట్టం ఉంది. ఏదైనా మరీ విసిగిస్తే రోసిపోయిందని వాళ్ళూ అంటారు. మనం కుళ్ళిన పండును రోత అంటాం, తాగుబోతు తిట్లను రోత అంటాం, ఇల్లు గడవనప్పుడు బతుకే రోత అంటాం. ఇదంతా ఆమెకు చెప్పి, "ఇన్నిటికి వాడే మాటను ఒక మనిషికి వాడకపోతే ఏమమ్మా?" అని బతిమాలాను.

ఈసారి ఆమె నన్ను అడిగింది.

"నువ్వు టీచరువి, నువ్వే సెప్పు. కోపం ఏం జేస్తాం?"

"తెచ్చుకుంటాం."

"పగ?"

"పెంచుకుంటాం."

"రోత?"

"పుడుతుంది" అన్నాను.

"అదీ. తెచ్చుకునిందాన్ని తీసుకుపోయి యాడన్నా పారేయొచ్చు. పెంచుకునిందాన్ని కోసేయొచ్చు. పుట్టిందాన్ని నేనేం జేసేది? లేదని యాల సెప్పేది?"

ఆమె తనంతట తానే, ఆ రోత ఎక్కడ పుట్టిందో చెప్పింది.

భర్తకు చక్కెర జబ్బుతో కాలు కుళ్ళింది. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. ఆమె సెలవు పెట్టి దగ్గరే ఉంది. ఒక పొద్దు తమ్ముడు వస్తున్నాడని తెలిసి భర్త తల దువ్వించుకున్నాడు, ఉతికిన చొక్కా తొడిగించుకున్నాడు. తమ్ముడు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "వదినా, రోతగా ఉండాదే. ఈడ ఎట్ల ఉంటాండావు?" అని, తెచ్చిన బత్తాయిలు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆయన గోడ పక్కకు తిరిగినాడు. సాయంత్రం కట్టు మార్చబోతే నా చెయ్యి పట్టుకొని, వద్దులే, నీకూ రోత అన్నాడు. నాకూనంట. నా ఉద్యోగమంతా ఆ మాట ఎరక్కుండా గడిపినా నేను. ఆ పొద్దు నుంచి ఆయన నాకు కాలు సూపించేదానికి సిగ్గుపడినాడు. సిగ్గుతోనే పోయినాడు. నాకు రోత పుట్టింది ఆ కాలును సూసి కాదు. ఆ రుమాలును సూసి."

చెప్పి కళ్ళు మూసుకుంది. నాకు ఆమె మరిది మీద ఒళ్ళు మండింది. ఆయన్ను ఎదురుగా చూసి నాలుగు కడిగేయాలని కూడా అనిపించింది. మరుసటి రోజు కాలేజీకి సెలవు పెట్టి కుప్పం పోయాను. జాగా సంగతి ఒకటి, నా కడుపుమంట ఒకటి, రెండూ పట్టుకొని పోయాను.

మరిది సన్నటి ముసలాయన. తెల్ల చొక్కా, జేబులో నాలుగు మడతల రుమాలు. ఆమె సంగతి చెప్పి, ఆ రోజు మీరన్న మాట గుర్తుందా అని నేరుగా అడిగాను.

"యాల గుర్తుండదమ్మా" అన్నాడు. "నాకు సిన్నప్పట్నుంచీ అట్లే. ఇంట్లో కోడిని కోస్తే నేను కక్కేవాన్ని. ఆ పొద్దు గడప దాటితే మా అన్న ముందరే కక్కుతాను, ఆయన ఏమనుకుంటాడో అని ఎనిక్కి వచ్చేస్తి. ఏదో ఒకటి అనాల కదా అని, నోటికొచ్చింది అంటి. వదినతో అంటి."

"ఆయన విన్నాడు."

"ఎవురు?"

"మీ అన్న. ఆ తర్వాత ఆమెను కూడా కాలు ముట్టనివ్వలేదు. నీకూ రోత అన్నాడంట."

కూతురు కాఫీ తెచ్చి పెడితే ఆయన గ్లాసు వైపు చూడలేదు. నేను తిట్టాలని మూటగట్టుకొని పోయినవేవీ నోట్లోంచి రాలేదు. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి అన్నాడు, "నన్ను సూస్తే ఆమెకు రోత. ఆ గదిలోకి వస్తే నాకు రోత. వచ్చి ఏం జేసేదమ్మా?" తెలియదన్నాను.

నేను కుప్పం నుంచి వచ్చిన రెండో రోజు పొద్దున పాస్టరయ్య రొట్టె, ద్రాక్షరసం ఉన్న చిన్న పెట్టెతో వచ్చాడు. చివరిసారి అడిగి చూస్తానన్నాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడో లేదో గేటు చప్పుడైంది. ముసలాయన. ఒంటరిగా బస్సులు మారి వచ్చాడు.

గది గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కట్టు ఇంకా మార్చలేదు, గది నిండా వాసన. సిస్టరమ్మ దిండు మీద తల తిప్పి చూసింది. ముఖాన్ని కాదు, ఆయన కుడిచేతిని చూసింది. ఆ చెయ్యి జేబు దగ్గరికి పోయింది. రుమాలు బయటికి వచ్చింది. పాస్టరయ్య కుర్చీలో కదిలాడు. నేను మంచం కోడు పట్టుకొని నిలబడ్డాను.

ఆయన రుమాలును నా వైపు చాపి, "పట్టుకోమ్మా" అన్నాడు. గడప దాటాడు. మంచం దాకా వచ్చాడు. వదినా అనబోయి, నోరు రెండు చేతులా మూసుకొని వరండాలోకి పరుగెత్తాడు. మురుగు కాలువ దగ్గర కక్కుతున్న చప్పుడు లోపలికి బాగా వినిపించింది. ఆమె కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. కుళాయి దగ్గర నోరు కడుక్కొని ఆయన మళ్ళీ లోపలికి వచ్చాడు. మళ్ళీ బయటికి పోయాడు. ఈసారి చాలాసేపు రాలేదు. వెళ్ళిపోయాడనే అనుకున్నాం అందరం. పాస్టరయ్య పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకొని తల దించుకున్నాడు.

మూడోసారి గోడ పట్టుకొని వచ్చాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. మంచం పక్కన నేల మీద కూలబడి, "నా వల్ల కాలేదు వదినా, ఆ పొద్దు. ఈ పొద్దు కూడా అయ్యేట్టు లేదు" అన్నాడు.

ఆమె ఆయన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వరండాలో కాలు చాపుకొని కూర్చున్నవాళ్ళను చూసే చూపు.

"నీకూ పుట్టిందే కదప్పా" అంది మెల్లగా. "నువ్వేమన్నా తెచ్చుకుంటివా?"

ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది. తన కోసం నా మీద గెలిచిన వాదాన్ని ఆయన చేతిలో పెట్టేసింది. నేను ముఖం తిప్పుకున్నాను.

తర్వాత ఆమె గొంతు సవరించుకొని అడిగింది, "కుప్పంలో వానలు పడినాయా?"

ఆయన తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. పోయిన నెల ఒక పదును వాన అయిందనీ, తర్వాత మబ్బులు వచ్చి పోతున్నాయనీ, బావుల్లో నీళ్ళు అడుగంటాయనీ. చెబుతూ చెబుతూ ఊపిరి కుదురుకుంది. ఆయన మళ్ళీ బయటికి పోలేదు.

ఆమె పాస్టరయ్య వైపు తిరిగింది. "ఆయప్ప మీద రోత పోయిందా అని అడగాల కదా నువ్వు? పోలేదు, ఉండాది. నేను సెప్పేది అదే, పెద్దలకూ అదే సెప్పు. అయినా ఆ రొట్టె ఆయప్ప చేతినుంచి తీసుకుంటా. ఇస్తే ఇయ్యి, లేకుంటే గోడవారనే పెట్టండి."

పెట్టెలోంచి తీసిన పళ్ళెం పాస్టరయ్య చేతిలో అట్లాగే ఉండిపోయింది. పెద్దలు ఏమంటారో, పుస్తకం ఏమంటుందో, ఆయన ముఖంలో అన్నీ తిరిగాయి. చివరికి ప్రార్థన చేసి, పళ్ళెం ముసలాయన చేతికి ఇచ్చాడు. ఆ చెయ్యి ఆమె అరచేతిలో ముక్క పెట్టింది. మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగే మనిషి, ఆ ముక్కను నేరుగా నోట్లో పెట్టుకుంది.

ఆ వారం దాటకుండానే ఆమె పోయింది. పుంగనూరు సమాధుల తోటలో పెద్దలు ముందే వచ్చి నిలబడ్డారు. గోడవార ఒకచోట గుంత కోసం నేలకు గీత గీసి ఉంది. నడిమి వరసలో ఇంకా గడ్డపార పడలేదు. పాస్టరయ్య జరిగింది చెప్పాడు. ఒక పెద్దాయన గొంతు పెంచకుండానే అడిగాడు, "సమాధానపడినాను అనిందా, లేదా?"

పాస్టరయ్య తడబడ్డాడు. అబద్ధం ఆడితే అంతటితో అయిపోయేది. ఆమె కోసమే అయినా ఆడలేకపోయాడు. శవపేటిక పక్కన నిలబడిన ముసలాయన ముందుకు వచ్చాడు.

"అనలే" అన్నాడు. "నేనంటే ఆమెకు రోత. పోయేదాకా ఉండాదనే సెప్పింది. ఆ రోత పెట్టుకొనే నా చేతినుంచి రొట్టె తినింది. మీలో ఎవురికన్నా అంత సమాధానం ఉంటే, మా అన్న పక్కన జాగా వాళ్ళే తీసుకోండి."

ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనే వంగి గడ్డపార తీసుకొని నడిమి వరసలోకి నడిచాడు.